కంచె చివర నుంచి కంట్రోల్ రూమ్ దాకా: ఐఎస్‌పీఎస్ అమలు ప్రాజెక్టు డైరీ

దశ 0: హద్దు గీత

టెర్మినల్ వివరాలు: 540 మీటర్ల బెర్తు (ఓడలు ఆగే గట్టు), ఒకేసారి రెండు ఓడలు. కంటెయినర్లు, విడి సరుకు. భూమి వైపు సరిహద్దు 1,850 మీటర్లు. మూడు గేట్లు: లారీలకు, సిబ్బందికి, రైలుకు.

ఐఎస్‌పీఎస్ కోడ్ అంటే ఓడల, రేవు టెర్మినళ్ల భద్రతకు అంతర్జాతీయ నియమావళి. దాన్ని ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) 2002 డిసెంబరులో ఆమోదించింది. 2004 జులై 1న అమల్లోకి వచ్చింది. దానికి బలం సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణ) ఒప్పందంలోని 11-2 అధ్యాయం. ఎ భాగం తప్పనిసరి, బి భాగం మార్గదర్శనం. యూరోపియన్ యూనియన్ మాత్రం 725/2004 నిబంధనతో బి భాగంలోని కొన్ని పేరాలను కూడా తప్పనిసరి చేసింది. మీ ప్రభుత్వం బి భాగాన్ని ఎలా చూస్తుందో పని మొదలుపెట్టే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. తర్వాత తెలిస్తే ప్రణాళికలో సగం తిరగరాయాల్సి వస్తుంది.

కోడ్ మాట్లాడేది మొత్తం రేవు గురించి కాదు, ఓడకూ నేలకూ మధ్య పని జరిగే చోటు గురించి. అంతర్జాతీయ ప్రయాణాల్లో ఉన్న ప్రయాణికుల ఓడలు, 500 గ్రాస్ టన్నులూ ఆపైన ఉన్న సరుకు ఓడలు, కదిలే డ్రిల్లింగ్ యూనిట్లు ఆగే చోటన్నమాట. పక్కనున్న చేపల జెట్టీ గీతకు బయటే ఉంచాం. రైలు సైడింగ్‌ను లోపలికి తీసుకున్నాం, ఎందుకంటే అక్కడి వ్యాగన్లు నేరుగా బెర్తు దాకా వస్తాయి. చివరి మాట ప్రభుత్వానిదే కాబట్టి మ్యాపు మీద గీత గీసి, ముందు దానికే ఆమోదం తీసుకున్నాం.

దశ 1: సరిహద్దు కొలత

కంచె ఎంత ఎత్తుండాలో, దీపం ఎంత వెలగాలో కోడ్‌లో అంకెలు లేవు. ఉన్నది ఒక్కటే: మీ అంచనాలో తేలిన ప్రమాదానికి మీ ఏర్పాటు సరిపోవాలి. అంకె మీరే పెట్టుకోవాలి, దాన్ని నిలబెట్టుకోవాల్సిందీ మీరే. మేం పెట్టుకున్నది 2.4 మీటర్ల కంచె, పైన బయటికి వంగిన ముళ్లతీగ.

కొలిచిన పద్ధతి:

1. ప్రతి 10 మీటర్లకు ఒక గుర్తు, మొత్తం 185.
2. ఎత్తును కంచెకు బయటి వైపు నేల నుంచి కొలవాలి. ఎక్కేవాడు అటు నుంచే ఎక్కుతాడు.
3. రెండు వైపులా 3 మీటర్లలోపు ఉన్న ప్రతి వస్తువునూ రాసుకోవాలి: స్తంభం, చెట్టు, ట్రైలరు, కంటెయినరు.
4. కంచె కిందా, కాలువల దగ్గరా ఉన్న ప్రతి ఖాళీ కొలవాలి.
5. ఇదంతా ఒకసారి పోటు మీద, ఒకసారి ఆటు మీద చేయాలి.

డ్రాయింగులో అంతటా 2.4 మీటర్లే. నేల మీద ఒకచోట 1.7 వచ్చింది. బయటి రోడ్డు ఎత్తు పెంచినప్పుడు పోసిన మట్టి కంచెను ఆనుకుని నిలిచిపోయింది. ఇంకోచోట లోపలి వైపు కంటెయినర్ల వరస కంచెకు 1.2 మీటర్ల దూరంలో ఉంది. మామూలు కంటెయినరు ఎత్తు 2.59 మీటర్లు, కంచె కన్నా ఎక్కువ. లోపలి నుంచి సరుకు బయటికి విసరడానికి అంతకన్నా మంచి మెట్టు ఉండదు. యార్డులో పసుపు గీత వేసి 3 మీటర్లు ఖాళీగా ఉంచమన్నాం. వారం తిరిగేసరికి గీత మీదే డబ్బాలు పేర్చారు. గీత తీసేసి కాంక్రీటు దిమ్మెలు పెట్టాక ఆగింది.

అన్నింటికన్నా పెద్ద లోపం ఆటు మీద బయటపడింది. పోటు మీద కంచె చివరి స్తంభాన్ని నీళ్లు తాకుతాయి, చూస్తే దారి మూసుకున్నట్టే ఉంటుంది. ఆటు మీద అదే స్తంభానికి అవతల 4 మీటర్ల మేర రాళ్లూ బురదా బయటపడ్డాయి. చెప్పులు తడవకుండా చుట్టి లోపలికి రావచ్చు. అక్కడి నుంచి బెర్తు కింది పైల్స్ మధ్యకు, ఓడ తాళ్ల కిందికి చేరడం తేలిక. పటాల మీద తీరరేఖ ఒకటే గీత. నిజంలో అది రోజూ కదిలే గీత.

మొదట రాళ్ల మీద ముళ్లతీగ చుట్టలు పరిచారు. రెండు పెద్ద అలలకే లేచిపోయాయి. తర్వాత కంచెను పైల్స్ మీద అత్యల్ప ఆటు మట్టం దాటేవరకు పొడిగించి, చివర విసనకర్ర ఆకారంలో ఉక్కు కడ్డీలు అమర్చాం. నీళ్లలోకి వెళ్లే భాగానికి వేడి జింకు పూత ఉన్న ఉక్కు వాడాలి. కోసిన చోట, వెల్డింగ్ చేసిన చోట పూత పోతుంది. అక్కడ మళ్లీ పూయకపోతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

900 మిల్లీమీటర్ల వ్యాసంతో రెండు కల్వర్టులు కూడా దొరికాయి. కడ్డీలు బిగించాం, కానీ చెత్త అడ్డుపడి యార్డులో నీళ్లు నిలిచాయి. కడ్డీల చట్రాన్ని కీళ్లు, తాళంతో మార్చి, తాళం తీసి శుభ్రం చేసే పనిని గస్తీ పుస్తకంలో చేర్చాం.

లెక్క: తెరిచిన (ఇప్పటిదాకా నమోదు చేసిన) లోపాలు 27, మూసినవి (సరిచేసినవి) 0.

దశ 2: భద్రతా అంచనా

అంచనాలో నాలుగు పనులు తప్పనిసరి. కాపాడుకోవాల్సిన ఆస్తుల గుర్తింపు, ముప్పులూ అవి జరిగే అవకాశమూ, ప్రతిచర్యల ఎంపికా ప్రాధాన్యమూ, బలహీనతల గుర్తింపు. మనుషుల వైపు బలహీనతలు కూడా ఇందులోకే వస్తాయి. గుర్తింపు పొందిన భద్రతా సంస్థ చేత అంచనా చేయించవచ్చు, ఆమోదం మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ అధికారాన్ని అది ఎవరికీ అప్పగించకూడదు.

లెక్కకు ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), ఐఎంఓ కలిసి తెచ్చిన రేవు భద్రతా ఆచరణ కోడ్‌లోని పట్టిక వాడాం. ముప్పు 1 నుంచి 3, బలహీనత 1 నుంచి 4, ప్రభావం 1 నుంచి 5. మూడింటినీ గుణించాలి, గరిష్ఠం 60.

ఆటు దారి గుండా రాత్రి ఒకరు ఓడ పక్కకు చేరే దృశ్యం: ముప్పు 2, బలహీనత 4, ప్రభావం 5. మొత్తం 40.
అరువు తెచ్చుకున్న పాసుతో లోపలికి రావడం: 2, 3, 5. మొత్తం 30.
పేలుడు పదార్థంతో వాహనం గేటును ఢీకొట్టడం: 1, 2, 5. మొత్తం 10.

సమావేశాల్లో అందరూ మాట్లాడేది మూడోదాని గురించే. పట్టికలో అది చివర ఉంది. పాసుల సంగతి దానికి మూడు రెట్లు. డబ్బు ఎటు వెళ్లాలో ఈ వరసే చెప్పాలి.

ఎక్కువ మంది తప్పుదారి పట్టేది బలహీనత అంకె దగ్గర. కొనుగోలు ఆర్డరు పెట్టగానే 4ను 2 చేసేస్తారు. మేం పెట్టుకున్న నియమం: పరికరం బిగించి, పరీక్షించి, పరీక్ష కాగితం ఫైలులో చేరాకే అంకె తగ్గుతుంది. ముప్పు అంకె టెర్మినల్ చేతిలో లేనిది, అది ప్రభుత్వ సమాచారాన్ని బట్టి వస్తుంది. ప్రభావం పెద్దగా మారదు. అంటే మనం నిజంగా కదిలించగలిగేది మధ్య అంకె ఒక్కటే. కంచె పొడిగింపు, కెమెరా, పడవ గస్తీ మూడూ పరీక్షలో నిలిచాక మొదటి దృశ్యం 40 నుంచి 20కి దిగింది.

లెక్క: తెరిచినవి 31, మూసినవి 9.

దశ 3: గేటు

ఎక్కువ కాలం ఇక్కడే పట్టింది. ప్రణాళిక కాగితం మీద నెగ్గి నేల మీద ఓడిపోయే చోటు గేటే.

భద్రతా స్థాయి 1 అంటే మామూలు రోజులు, స్థాయి 2 అంటే ముప్పు పెరిగిన వేళ. స్టాప్‌వాచ్‌తో కొలిచినవి, లారీ ఒక్కింటికి:

1. భద్రతా స్థాయి 1 (పాసు, డెలివరీ ఆర్డరు, సీలు): 95 సెకన్లు. వరసకు గంటకు 37.9.
2. స్థాయి 2 (పైవి కాక క్యాబిన్ సోదా, అడుగున అద్దం, లోపలున్న ప్రతి మనిషి గుర్తింపు): 260 సెకన్లు. వరసకు గంటకు 13.8.
3. రద్దీ గంటలో వచ్చే లారీలు: 68.

లోపలికి రెండు వరసలు. స్థాయి 1లో గంటకు 75 పడతాయి, గట్టెక్కుతాం. స్థాయి 2లో 27 మాత్రమే. గంటకు దాదాపు 40 లారీలు బయట పేరుకుంటాయి. ఒక్కో లారీకి ఎడంతో కలిపి 18 మీటర్లు వేసుకుంటే గంటలో సుమారు 720 మీటర్ల వరస. అది ప్రజల రోడ్డు మీదికి వెళుతుంది. పైగా ముప్పు పెరిగిన వేళ కాపలా లేని జనం, వాహనాలు గేటు ముందే గుమిగూడతాయి. సగటును నమ్ముకుంటే ఇది కనపడదు. రోజంతటి సగటు గంటకు 30 లారీలే. రద్దీ గంటనే తీసుకోవాలి.

మార్చినవి:

1. గేటుకు ముందున్న ఖాళీ స్థలాన్ని పత్రాల తనిఖీకి కేటాయించాం. గేటు దగ్గర సోదా మాత్రమే. సమయం 260 నుంచి 170 సెకన్లకు తగ్గింది.
2. బయటికి వెళ్లే వరసల్లో ఒకదాన్ని స్థాయి 2లో లోపలికి తిప్పే ఏర్పాటు చేశాం. మొత్తం మూడు వరసలు, గంటకు 63.
3. లారీలకు ముందస్తు సమయాలు ఇచ్చి, స్థాయి 2లో గంటకు 60కి పరిమితం చేశాం.

అప్పుడు మనుషుల లెక్క అడ్డొచ్చింది. సోదా వరసకు ముగ్గురు చొప్పున తొమ్మిది మంది కావాలి. మామూలు షిఫ్టులో గేటు దగ్గర ఉండేది నలుగురు. మిగతా ఐదుగురు ఎక్కడి నుంచి, ఎంతసేపట్లో వస్తారో రాయకపోతే స్థాయి 2 పేజీకి విలువ లేదు. పిలుపు జాబితా, రెండు గంటల గడువు, ఆలోగా రైలు గేటు మూసి అక్కడి ఇద్దరినీ తీసుకోవడం: ఇలా రాశాం.

సీలు తనిఖీ విషయంలో గార్డులు నంబరు చదివి వదిలేస్తున్నారు. నంబరు సరిపోయినా డబ్బా తెరిచి ఉండొచ్చు. తలుపు హ్యాండిల్‌ను పట్టి ఉంచే రివెట్‌ను కోసి, సరుకు తీశాక అదే చోట బోల్టు బిగించి, మీద రంగు వేస్తారు. సీలు చెక్కుచెదరదు. అందుకే క్రమం ఇలా పెట్టాం:

1. చూడు: సీలుతో పాటు హ్యాండిల్, కీళ్లు, రివెట్లు. రివెట్ తల గుండ్రంగా ఉండాలి. పక్కన కొత్త రంగు కనిపిస్తే ఆపు.
2. నంబరు పత్రంతో సరిపోల్చు. ఐఎస్ఓ 17712 ప్రకారం అధిక భద్రతా సీలు మీద హెచ్ గుర్తు ఉండాలి.
3. గట్టిగా లాగు.
4. తిప్పు. బోల్టు సీలు మరలా విడివడితే అది నకిలీ.

దీంతో 20 సెకన్లు పెరిగాయి. పై 170లో ఇది కలిసే ఉంది.

పాసుల పని: చెల్లుబాటులో ఉన్న పాసుల జాబితాను వేతనాల జాబితాతో, కాంట్రాక్టర్ల హాజరుతో సరిపోల్చండి. మిగిలిపోయిన ప్రతి పాసునూ ఆ రోజే ఆపేయండి. కాంట్రాక్టు గడువు, పాసు గడువు ఒకే తేదీన ముగియాలి. పాసులు తిరిగిచ్చేదాకా చివరి బిల్లు ఆపే నిబంధన పెట్టాక వెనక్కి రాని పాసులు దాదాపు లేకుండా పోయాయి.

లెక్క: తెరిచినవి 43, మూసినవి 21.

దశ 4: వెలుతురు, కెమెరాలు

వెలుతురు కొలిచే లక్స్ మీటరుతో కంచె పొడవునా ప్రతి 10 మీటర్లకు నేల మట్టంలో కొలిచాం. సగటు 18 లక్స్, కాగితం మీద బాగుంది. కంటెయినర్ల నీడలో 0.6. కెమెరాకు సగటుతో పనిలేదు, వెలుగుకూ చీకటికీ ఉన్న తేడాతోనే ఇబ్బంది. దీపాల వాట్లు పెంచలేదు. నీడ పడే వైపు నుంచి అదనంగా తక్కువ ఎత్తు దీపాలు పెట్టి కనిష్ఠాన్ని 5కి తెచ్చాం. పాత సోడియం దీపాల కింద అన్ని చొక్కాలూ ఒకే రంగులో కనపడతాయి. మనిషి ఆనవాళ్లు చెప్పాల్సిన చోట్ల, అంటే గేట్లు, ఓడ నిచ్చెన దిగే చోటు దగ్గర, తెల్ల ఎల్ఈడీకి మారాం.

కెమెరాల లెక్క మీటరుకు ఎన్ని పిక్సెళ్లన్న దాని మీద నడుస్తుంది. మనిషి ఉన్నాడని తెలియడానికి 25, తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి 125, తెలియని మనిషిని నిర్ధారించడానికి 250. 2560 పిక్సెళ్ల వెడల్పున్న కెమెరా 250 చొప్పున 10.2 మీటర్ల వెడల్పు చూడగలదు, 125 చొప్పున 20.5, 25 చొప్పున 102. ఒకే కెమెరాతో గేటు మొత్తం, ముఖాలు కూడా అని ఎవరైనా అంటే ఈ భాగహారం చేసి చూపండి.

ఎదురైనవి, చేసినవి:

1. నెట్‌వర్కు తీగ మీదే కరెంటు పంపే కెమెరాలకు 100 మీటర్లు హద్దు. 540 మీటర్ల బెర్తుకు ఫైబర్ వేసి, స్తంభాల దగ్గర స్విచ్ పెట్టెలు పెట్టాం.
2. గోపురం ఆకారపు మూతల మీద ఉప్పు పేరుకుని రాత్రి పరారుణ కాంతి వెనక్కి తిరిగి చిత్రం తెల్లబడింది. బెర్తు వైపు కెమెరాలకు దీపాన్ని విడిగా, దూరంగా పెట్టాం. మంచినీళ్లతో కడగడం వారపు పనుల్లో చేర్చాం.
3. క్రేన్ కాళ్లు జరిగినప్పుడల్లా ఏదో ఒక కెమెరాకు అడ్డం వస్తున్నాయి. ప్రతి బెర్తును ఎదురెదురు చివరల నుంచి రెండు కెమెరాలు చూసేలా మార్చాం.
4. నిల్వ. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు, రోజుకు 43.2 జీబీ. 38 కెమెరాలకు రోజుకు 1.64 టీబీ. 8 టీబీ డిస్కులు ఎనిమిది, మొత్తం 64 టీబీ. వాటిలో రెండు డిస్కులు, డిస్కు చెడినా రికార్డు పోకుండా ఉండే రక్షణకు పోగా 48 టీబీ. అంటే 29 రోజులు. నిజంగా దొరికింది 26, ఎందుకంటే చీకట్లో చిత్రంలో చుక్కలు పెరిగి బిట్ల సంఖ్య పెరుగుతుంది. ప్రణాళికలో 30 అని ఉంది. కంచె వెంట ఉన్న 22 కెమెరాలను 2.5 మెగాబిట్లకు తగ్గించాక 33 రోజులు వస్తున్నాయి.
5. రికార్డరు గడియారం, పాసు రీడర్ల గడియారం 11 నిమిషాల తేడాతో నడుస్తున్నాయి. పాసు వాడిన క్షణానికి కెమెరాలో మనిషే లేడు. అన్నింటినీ ఒకే సమయ సర్వరుకు కలిపాం.

లెక్క: తెరిచినవి 54, మూసినవి 33.

దశ 5: ప్రణాళిక రాత, ఓడతో ఒప్పందం

ఎ భాగం 16వ విభాగం ప్రణాళికలో ఏమేం ఉండాలో చెబుతుంది. ఆయుధాలు రాకుండా చూడటం నుంచి, ఓడ హెచ్చరిక వ్యవస్థ మోగితే ఏం చేయాలన్నదాకా, నావికుల షోర్ లీవు (ఓడ దిగి నేల మీదికి వెళ్లే సెలవు) దాకా. ఆ శీర్షికల వరసలోనే రాయండి, తనిఖీకి వచ్చినవారు వెతుక్కోరు.

వాక్యం ఎలా ఉండాలో ఒక మచ్చు. మొదటి ముసాయిదా: “స్థాయి 2లో నిషేధిత ప్రాంతాల వద్ద తగిన అదనపు చర్యలు తీసుకోబడును.” మార్చాక: “స్థాయి 2 ప్రకటించిన 30 నిమిషాల్లో షిఫ్టు సూపర్‌వైజరు బెర్తు ద్వారం దగ్గర ఇద్దరు గార్డులను నిలుపుతాడు. పడవ గస్తీ గంటకోసారి. రాక, పోక సమయాలు 4వ పుస్తకంలో.” మొదటి వాక్యం ఎవరు చేయాలో చెప్పదు, చేయలేదని నిరూపించడానికీ వీలుండదు. “తగిన”, “అవసరమైన” అన్న మాటలను ముసాయిదా అంతటా వెతికి, ప్రతి చోటా మనిషి, సమయం, చోటు రాశాం.

ప్రణాళిక రహస్య పత్రం. ప్రతులకు నంబర్లు వేసి ఎవరి దగ్గర ఏది ఉందో రాసిపెట్టాలి. గార్డుకు మొత్తం ప్రణాళిక ఇవ్వకూడదు, తన పోస్టుకు సంబంధించిన ఒక పేజీ ఆదేశం చాలు. అది అతను చదివే భాషలో ఉండాలి.

ఓడ స్థాయి టెర్మినల్ స్థాయి కన్నా ఎక్కువగా ఉంటే ఓడ భద్రతా ప్రకటన పత్రం (ఏ భద్రతా పని ఎవరిదో రెండు పక్షాలూ రాసుకునే కాగితం) అడగవచ్చు. అడిగితే టెర్మినల్ ఆ కోరికను అందుకున్నట్టు బదులివ్వాలి. రాత్రి ఒంటిగంటకు వచ్చే కోరికకు సంతకం ఎవరు చేస్తారు? భద్రతాధికారి ఒక్కడి పేరే ఉంటే ఓడ ఆగిపోతుంది. ప్రత్యామ్నాయ అధికారులిద్దరికి రాతపూర్వకంగా అధికారం ఇచ్చాం. ఖాళీ పత్రంలో ఏ పని ఓడది, ఏ పని టెర్మినల్‌ది అన్న గడులను ముందే చర్చించి పెట్టుకోండి.

నావికుల షోర్ లీవును భద్రత పేరుతో అడ్డుకోవడం కోడ్ ఉద్దేశానికే విరుద్ధం. నెలల తరబడి నీళ్ల మీద ఉన్న మనిషికి నేల మీద నాలుగు గంటలు దక్కేలా చూడటం టెర్మినల్ బాధ్యత. ఓడ వచ్చే ముందే సిబ్బంది జాబితా గేటుకు చేరాలి. యార్డులో నడవనివ్వకుండా వాహనం పెట్టాలి. సంక్షేమ సంస్థల ప్రతినిధుల ప్రవేశానికీ ఇదే పేజీలో విధానం ఉండాలి.

లెక్క: తెరిచినవి 60, మూసినవి 44.

దశ 6: డ్రిల్లులు

బి భాగం ప్రకారం డ్రిల్లు కనీసం మూడు నెలలకోసారి. పెద్ద అభ్యాసం ఏడాదికోసారి, రెండింటి మధ్య 18 నెలలు దాటకూడదు.

స్థాయి మార్పు డ్రిల్లు, మొదటి ఫలితం: కబురు అన్ని పోస్టులకూ చేరడానికి 47 నిమిషాలు. ఒకే సూపర్‌వైజరుకు ఫోను వెళ్లింది, అతను క్రేన్ దగ్గర శబ్దంలో ఉన్నాడు. రైలు గేటుకు అసలు చేరలేదు. కంట్రోల్ రూమ్ నుంచి అన్ని పోస్టులకూ ఒకేసారి రేడియో ప్రకటన, ప్రతి పోస్టూ పేరు చెప్పి బదులివ్వడం, బదులు రాని పోస్టుకు 3 నిమిషాల్లో మనిషిని పంపడం అని మార్చాం. ఆ తర్వాత 12 నిమిషాలు.

ఖాళీ చేయించే డ్రిల్లులో ఇంకో ముడి పడింది. మంటల అలారం మోగితే తిరుగుడు ద్వారాల తాళాలు వాటంతటవే వదిలేస్తాయి, ప్రాణరక్షణకు అలాగే ఉండాలి. కానీ అందరూ చేరే స్థలం కంచెకు బయట ఉంది, తిరిగి వచ్చేటప్పుడు పాసు చూసేవారు లేరు. అలారాన్ని అడ్డుపెట్టుకుని ఎవరైనా లోపలికి రావచ్చు. చేరే స్థలాన్ని కంచె లోపలికి మార్చి, తాళాలు వదిలిన ప్రతి ద్వారానికీ ఒక గార్డును పేరుతో కేటాయించాం.

డ్రిల్లు కాగితంలో ఇవి చాలు: దృశ్యం, మొదలైన సమయం, ప్రతి పోస్టు బదులిచ్చిన సమయం, తప్పినవి, ఎవరు ఎప్పటికి సరిచేస్తారు. “విజయవంతంగా జరిగింది” అని రాసిన కాగితం ఎవరికీ పనికిరాదు.

లెక్క: తెరిచినవి 68, మూసినవి 57.

దశ 7: తనిఖీ

అంతర్గత ఆడిట్ చేసేవారు తాము చూసే పనిలో భాగస్వాములు కాకూడదు, టెర్మినల్ మరీ చిన్నదైతే తప్ప. లెక్కల విభాగం నుంచి ఒకరిని తీసుకుని శిక్షణ ఇచ్చాం. పెట్రోలింగ్ పుస్తకంలో వరుసగా అన్ని రాత్రులూ ఒకే నిమిషానికి సంతకాలున్నాయని పట్టుకున్నది ఆ లెక్కల మనిషే. కంచె వెంట గార్డు నిజంగా వచ్చిన సమయాన్ని నమోదు చేసే స్కాన్ బిందువులు పెట్టడానికి అదే కారణం.

ప్రభుత్వ తనిఖీలో ఎక్కువ సేపు కాగితాల మీద గడవలేదు. గేటులో ఒక గార్డును, బెర్తు మీద ఒకరిని ఆపి అడిగారు: ఇప్పుడు ఏ స్థాయి, భద్రతాధికారి ఎవరు, అనుమానపు సంచి కనిపిస్తే మొదటి ఫోను ఎవరికి. శిక్షణ అక్కడ తేలుతుంది.

ఆమోదం వచ్చాక చేయాల్సినవి:

1. అనుగుణతా పత్రంలో (టెర్మినల్ కోడ్‌కు తగ్గట్టు ఉందని ప్రభుత్వం ఇచ్చే పత్రం) గడువు, మధ్య తనిఖీల తేదీలు క్యాలెండరులో వేసుకోవాలి.
2. ఐఎంఓ నడిపే జీఐఎస్ఐఎస్ అనే ఓడరవాణా సమాచార డేటాబేసులో టెర్మినల్ వివరాలు సరిగా ఉన్నాయో చూసి, తేడా ఉంటే ప్రభుత్వం ద్వారా దిద్దించాలి. ఓడలు గత పది రేవు మజిలీల వివరాలు చెప్పాల్సి వస్తుంది. మన వివరం తప్పుంటే తర్వాతి రేవులో ఇబ్బంది వాళ్లకు.
3. కంచె జరిగినా, కొత్త బెర్తు వచ్చినా, కొత్త రకం సరుకు మొదలైనా అంచనాను తిరిగి చూడాలి.

లెక్క: తెరిచినవి 68, మూసినవి 64. తెరిచి ఉన్నవి:

1. రెండో కల్వర్టు చట్రం కీళ్లకు తుప్పు. స్టెయిన్‌లెస్ ఉక్కు కీళ్లు ఆర్డరులో ఉన్నాయి.
2. పడవ గస్తీ ఇంజిను చెడితే ప్రత్యామ్నాయం లేదు. పక్క టెర్మినల్‌తో పరస్పర ఒప్పందం ముసాయిదా దశలో.
3. స్థాయి 2లో మూడో వరస తిప్పడానికి 25 నిమిషాలు పడుతోంది, లక్ష్యం 15. కదిలే దిమ్మెల స్థానంలో చక్రాల అడ్డుగేట్లు పరీక్షిస్తున్నాం.
4. గేటు సాఫ్ట్‌వేరు, పాసుల సర్వరు ఒకే నెట్‌వర్కులో ఉన్నాయి. విడదీయడం అయ్యేదాకా అరువు పాసు దృశ్యంలో బలహీనత 3 దగ్గరే ఉంటుంది.